మనిషి కంటే ముందొచ్చిన నంబరు

కెజియా మొదటి గెలుపు అనాటమీ పరీక్ష. నర్సింగు మొదటి సంవత్సరంలో రెండుసార్లు తప్పి, మూడోసారి యాభై రెండు మార్కులతో గట్టెక్కింది. పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్న పిల్ల. మనిషి ఒంట్లోని రెండు వందల ఆరు ఎముకల ఇంగ్లీషు పేర్లు ఎంతకీ నోటికి పట్టకపోతే, వాటిని చర్చి కీర్తన రాగంలో కూర్చి, హాస్టలు మెట్ల మీద కూర్చుని పాడుకుంటూ నేర్చుకుంది. ఆ తర్వాత మరే పరీక్షా తప్పలేదు.

తక్కినవి కూడా చెప్పుకోవాలి. గచ్చిబౌలిలో పెద్ద ఆసుపత్రి, అందులో ఎమర్జెన్సీ వార్డు, పదకొండేళ్ల ఉద్యోగం. కరోనా రెండు విడతల్లోనూ ఒక్క రోజు సెలవు పెట్టలేదు. రెండు వేల ఇరవై ఒకటిలో మొదటి పది కిలోమీటర్ల పరుగు, గంటా పంతొమ్మిది నిమిషాలు. ఆ తర్వాత రెండేళ్లూ సగం మారథాన్లు, రెండోదానికి రెండు గంటల ముప్పై మూడు నిమిషాలు. నిరుడు మొదటిసారి మొత్తం నలభై రెండు కిలోమీటర్లకు దిగి, ముప్పై ఆరో కిలోమీటరు దగ్గర పడిపోయింది.

ఈ తేదీలూ నిమిషాలూ ఆమె మామగారు ఇశ్రాయేలుకు కంఠతా వచ్చు. అడిగినవాళ్లకి చెబుతాడు, అడగనివాళ్లకి ఇంకాస్త వివరంగా చెబుతాడు. బాపట్ల దగ్గర ఊరి బడిలో చదివి, బస్సు డిపోలో కంట్రోలరుగా ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసిన మనిషి. ఏ బస్సు ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, ఆలస్యమైతే ఎందుకైంది, ఇదే ఆయన జీవితం. రిటైరయ్యాక నిజాంపేటలో కొడుకు కిరణ్ పాల్ దగ్గరికి వచ్చినప్పుడు ఖాళీగా మిగిలిపోయిన ఒక రాకపోకల పుస్తకం కూడా వెంట తెచ్చుకున్నాడు. ఇప్పుడు అందులో రాయడానికి బస్సులు లేవు, కోడలి పరుగులున్నాయి.

ఈ ఏడు పరుగు ఆగస్టు ముప్పై ఒకటి ఆదివారం. బంగాళాఖాతంలో వాయుగుండమని గురువారం నుంచే వాన. శనివారం సాయంత్రం కిరణ్ పాల్ ఆఫీసు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. రాయదుర్గంలో వాళ్ల కంపెనీకి ఆదివారం మధ్యాహ్నం దాకా ఏదో సాఫ్ట్‌వేర్ విడుదల ఉంది, కదలడానికి లేదు.

“నాన్నా, మీరైనా చెప్పండి. నిరుడు ఒంట్లో ఉప్పు తగ్గి పడిపోయింది. ఈసారి వాన, గాలి. ఏమన్నా అయితే ఎవరిది పూచీ?”

“నాది,” అన్నాడు ఇశ్రాయేలు. “దగ్గరుండి తీసుకెళ్తా. దగ్గరుండి ఇంటికి తీసుకొస్తా. నువ్వెళ్లి నీ పని చూసుకో.”

అనేశాక గాని ఆ మాట బరువు ఆయనకు తెలియలేదు. కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాడు.

లోపల ఆయన భార్య సారమ్మ మిషను ముందు కూర్చుని ఉంది. పాత గొడుగుల నల్ల గుడ్డా నీలిపూల గుడ్డా విప్పి, కోడలికి చేతుల్లేని పల్చటి వాన జాకెట్ కుట్టింది. పరుగెత్తేవాళ్లు ఛాతీ మీద పెట్టుకోవలసిన నంబరు కాగితాన్ని దాని మీదే నాలుగు వైపులా రెండు పేటల దారంతో కుట్టేసింది. ఆ కాగితం వెనక చిన్న చిప్ అతికి ఉంటుంది. దారిలో అక్కడక్కడా పరిచిన రబ్బరు పట్టాల మీదుగా చిప్ వెళ్లగానే మనిషి ఎక్కడున్నదీ ఇంట్లోవాళ్లకీ స్నేహితులకీ మెసేజ్ వస్తుంది. అదే కాగితం వెనక రక్తం గుంపు, జబ్బులు, ఆపదలో పిలవాల్సిన ఫోను నంబరు రాసుకోవాలి. కెజియా తన మామగారి నంబరు రాసింది. నిరుడు ఆమె పడిపోయినప్పుడు ఎవరో ఆ కాగితం తిప్పి చూసే ఇశ్రాయేలుకు ఫోను చేశారు.

“అత్తయ్యా, దీనికి పిన్నీసులిచ్చారు కదండీ,” అని నవ్వింది కెజియా.

“పిన్నీసు గుచ్చితే గుడ్డకి చిల్లు, చిల్లులోంచి నీళ్లు. నా కుట్టు ఊడదులే.”

తెల్లవారి ఐదింటికి హైటెక్ సిటీలో పరుగు మొదలైంది. తడుస్తుందని కెజియా తన ఫోను ఇంట్లోనే పెట్టి వచ్చింది. ఇశ్రాయేలు గచ్చిబౌలి స్టేడియంలో, పరుగు ముగిసే చోట వేసిన టార్పాలిను కింద ఒక కుర్చీ సంపాదించాడు. పుస్తకం ప్లాస్టిక్ సంచిలో ఉంది. ముందురోజే గీతలు గీసి కోడలు ఎక్కడికి ఎన్నింటికి రావాలో రాసి పెట్టుకున్నాడు. పదో కిలోమీటరు ఆరూ పావు. ఇరవై ఒకటి, ఏడూ ముప్పై ఎనిమిది. ముప్పై, ఎనిమిదీ నలభై ఐదు. ముప్పై ఐదు, తొమ్మిదీ ఇరవై రెండు. స్టేడియం, పదీ పదహారు.

పదో కిలోమీటరు మెసేజ్ ఆరూ పదహారుకి వచ్చింది. ఒక నిమిషం ఆలస్యం. ఇరవై ఒకటో కిలోమీటరుది ఏడూ నలభై ఒకటికి వచ్చింది. మూడు నిమిషాలు ఆలస్యం. ఇశ్రాయేలుకు ప్రాణం కుదుటపడింది. వానలో మూడు నిమిషాల ఆలస్యమంటే బస్సు బాగున్నట్టు, డ్రైవరు బుద్ధిమంతుడైనట్టు.

ఆ తర్వాత గాలి లేచింది. గాలి నింపి నిలబెట్టిన రంగుల తోరణం ఊగి ఊగి ఒక పక్కకు ఒరిగిపోతే పదిమంది పట్టుకుని కూర్చున్నారు. పరుగు ముగించి వచ్చేవాళ్లు వెండి కాగితాలు కప్పుకుని వణుకుతున్నారు. ఒకతను బూట్లు విప్పి తిరగేస్తే చెంబెడు నీళ్లు పోయాయి. ఇంకొకతను కోకాపేట దగ్గర మోకాలి లోతు నడిచి వచ్చానని, కింద ఏముందో కనబడలేదని చెబుతున్నాడు. ఇశ్రాయేలు ఫోను జేబులో పెట్టడం మానేసి చేతిలోనే పట్టుకున్నాడు.

ఎనిమిదీ ముప్పై ఆరుకి ఫోను మోగింది. కెజియా, ముప్పై కిలోమీటర్లు.

ఆయన పుస్తకం చూసుకున్నాడు. మళ్లీ ఫోను చూశాడు. మూడు నిమిషాలు వెనకబడ్డ మనిషి తొమ్మిది నిమిషాలు ముందుకొచ్చింది. అంత వానలో, కోకాపేట మిట్ట మీద, పన్నెండు నిమిషాలు కలుపుకుంది.

పక్క కుర్చీలో ఉన్న సుబ్బరాయుడు తొంగి చూశాడు. ప్రొద్దుటూరు మనిషి, కోకాపేటలో ప్లాట్ల వ్యాపారం. కూతురు అశ్విని కూడా ఇదే పరుగులో ఉందని పొద్దుటే పరిచయం చేసుకున్నాడు.

“ఏం సార్, కోడలు టయానికంటే ముందొస్తాంటే మొగం అట్ల పెట్టుకున్నావు?”

“ముందొస్తోందనే భయమండీ.”

“ముప్పై ఏండ్లుగా యాపారం చేస్తాండా. లాభమొస్తే ఏడ్చే మనిషిని ఈపొద్దే చూస్తాండా.”

ఇశ్రాయేలు నవ్వలేదు. ఆయన మనసు డిపోకి పోయింది. ఒక తుఫాను సాయంత్రం వాగులవతల నుంచి రావాల్సిన బస్సు పన్నెండు నిమిషాలు ముందే వచ్చి నిలబడితే, డ్రైవరును మెచ్చుకుని ‘ముందు రాక’ అని పుస్తకంలో రాశాడు. ఆ బస్సు వాగుకి భయపడి ఒక ఊరు వదిలేసి చుట్టుదారిన వచ్చిందని మర్నాటికి గాని తెలియలేదు. ఆ ఊరి కట్ట మీద పంతొమ్మిది మంది, అందులో ఒక బాలింత, తెల్లవార్లూ వానలో బస్సు కోసం ఎదురుచూశారు. ఎవరూ చావలేదు గాని, ఇశ్రాయేలు ఆ రోజు నుంచి ఒక మాట అంటాడు. ఆలస్యంగా వచ్చే బస్సు ఎక్కడో ఆగి ఉంటుంది. ముందొచ్చే బస్సు ఎవరినో వదిలేసి ఉంటుంది.

తొమ్మిదీ మూడు నిమిషాలకి ముప్పై ఐదో కిలోమీటరు మెసేజ్. ఐదు కిలోమీటర్లు ఇరవై ఏడు నిమిషాల్లో. ఆయన పాత పేజీలు తిప్పాడు. ఒళ్లలవకుండా, చల్లటి ఉదయం, పార్కులో చదునైన దారి మీద కెజియా ఐదు కిలోమీటర్లు పరుగెత్తిన అతి తక్కువ సమయం ముప్పై మూడు నిమిషాలు.

ఇశ్రాయేలు లేచి సమాచారం బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ రమ్య అనే అమ్మాయి వాలంటీరు చొక్కాలో కూర్చుని ఉంది.

“అమ్మా, ఈ నంబరు మా కోడలిది. కాని పరుగెత్తేది మా కోడలు కాదు.”

రమ్య కంప్యూటరు చూసింది. “ముప్పై అయిదు దాటింది అంకుల్. మస్తు ఉరుకుతున్నది. మీరు ఫికర్ చెయ్యకండి.”

“అంత వేగం ఆమెకు రాదమ్మా.”

“చిప్ అబద్ధం చెప్పదు అంకుల్.”

“చెప్పదు. కాని ఎవరి ఒంటి మీదుందో కూడా చెప్పదుగా.”

రమ్య ఆయన వంక జాలిగా చూసి, మంచినీళ్ల సీసా ఇచ్చి కూర్చోమంది.

ఇంతలో కిరణ్ పాల్ ఫోను. గొంతులో నిన్నటి కోపం లేదు. “నాన్నా, చూస్తున్నారా? అయిదు గంటల లోపే వచ్చేస్తుంది. నేనే అనవసరంగా భయపడ్డాను. అపార్టుమెంటు గ్రూపులో పెట్టేశా, అందరూ అభినందనలు చెబుతున్నారు.” వెనకనే చర్చి నుంచి సారమ్మ. “ఏమండీ, పాస్టరు గారు మైకులో మన కెజియా పేరు చెప్పి స్తుతి ప్రార్థన చేయించారు. కరుణ అయితే బెంచీ ఎక్కి చప్పట్లు కొట్టింది.” మనవరాలు కరుణ వెనక నుంచి ఏదో అరుస్తోంది. ఇశ్రాయేలు ఇద్దరికీ “ఊఁ” అన్నాడు. ఎక్కడని వెతకాలి? ఇరవై ఒకటికీ ముప్పైకీ మధ్య తొమ్మిది కిలోమీటర్లు. ఆ నంబరు మోసుకొస్తున్న మనిషికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ వేగాన ఆ మనిషి తొమ్మిదీ నలభై ప్రాంతంలో ఇక్కడికి రావాలి.

తాడు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు గాలికి తిరగబడితే పక్కన పడేశాడు. వచ్చే ప్రతి ఛాతీనీ చూస్తున్నాడు.

తొమ్మిదీ నలభై మూడు. “కెజియా, నిజాంపేట,” అని మైకు పిలిచింది. నీలిపూల జాకెట్ గీత దాటింది. అందులో ఉన్నది ఆరడుగుల కుర్రవాడు. జాకెట్ అతని బొడ్డు దాకా కూడా రాలేదు.

ఇశ్రాయేలు తాడు కింద నుంచి దూరి అతని చెయ్యి పట్టుకున్నాడు. “ఎవరు బాబూ నువ్వు? ఇది మా ఆవిడ కుట్టిన జాకెట్. మా కోడలేది?”

అతను వగరుస్తూ, “అక్క వాళ్ల మావయ్యా మీరు? మీకే ఇవ్వమంది సార్,” అన్నాడు. పేరు వినయ్, మాదాపూర్‌లో ఉద్యోగం. “నాకు పిక్క పట్టేసి డివైడర్ మీద కూలబడ్డా. బనియనొకటే ఉంది, తడిసిపోయి పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. అక్క ఆగి పిక్క పిసికింది, ఉప్పు నాకించింది, ఇది తొడిగింది. నంబరు ఊడదీద్దామని ఇద్దరం లాగాం, రాలేదు. ‘మా అత్తయ్య కుట్టు, ఊడదు. నువ్వు ముందు ఒళ్లు వేడెక్కేదాకా పరుగెత్తు’ అంది.”

“ఎక్కడ?”

“ఇరవై మూడో కిలోమీటరు లోపే. ఎనిమిది కావస్తోంది. నా నంబరు లోపల బనియను మీదుంది సార్. రెండు చిప్‌లూ పలుకుతాయని నాకు తట్టనేలేదు.”

“నీ వెనక ఆమె పరుగెత్తుతూ కనబడిందా?”

వినయ్ తల అడ్డంగా ఊపాడు. “వెనక్కి చూడలేదు సార్.”

ఇశ్రాయేలు లెక్క వేశాడు. అంతా బాగుంటే పదిన్నరకు రావాలి. ఇంకా నలభై అయిదు నిమిషాలు ఆగవచ్చు. బస్సయితే ఆగమనే రూలు. కాని ఆయన చెయ్యి తడి జాకెట్ మీదికి పోయింది. ఆ కాగితం వెనకే కదా అన్నీ ఉన్నవి. ఆమె రక్తం గుంపు, నిరుడు ఉప్పు తగ్గిన సంగతి, తన ఫోను నంబరు, నాలుగు వైపులా సారమ్మ కుట్టు కింద. ఇప్పుడు రోడ్డు మీద ఉన్న మనిషికి పేరూ లేదు, నంబరూ లేదు, చేతిలో ఫోనూ లేదు. పడితే ఎవరు ఎవరికి చెబుతారు?

సుబ్బరాయుడు అప్పటికే కారు తాళాలు తీశాడు. “పద సార్. మా అశ్విని పదకొండు దాకా రాదు. కోకాపేటలో నాకు తెలియని సందు లేదు.”

పెద్ద రోడ్లు పరుగు కోసం మూసి ఉన్నాయి. సందుల్లోంచి సర్వీసు రోడ్డు పట్టుకుని, పరుగుకు ఎదురుగా పోయారు. అద్దం మీద నీళ్లు తుడిచినకొద్దీ కురుస్తున్నాయి. ఇశ్రాయేలు పక్క అద్దం దించి, తల బయటికి పెట్టి, అవతల నడిచొస్తున్న ఒక్కొక్క మొహమూ చూశాడు. కొందరు కుంటుతున్నారు, కొందరు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. అందరి గుండెల మీదా నంబర్లున్నాయి.

“సార్, నీకు బీపీ గానీ ఉందా?” అడిగాడు సుబ్బరాయుడు.

“ఉంది.”

“మాత్ర వేసుకున్నావా?”

“లేదు.”

“సరిపాయె. కోడలు దొరికితే ఆమెనే చూసుకుంటాది.”

కోకాపేట మిట్ట కింద నీళ్లు చెరువులా నిలిచాయి. అంచున ఒక చిన్న బస్సు లైట్లు మిణుకుమంటూ ఆగి ఉంది. పరుగెత్తలేక ఆగినవాళ్లను ఎక్కించుకుంటూ అందరి వెనక వచ్చే బస్సు అది. ఇశ్రాయేలు కారు ఆగీ ఆగకముందే దిగాడు. ముప్పై ఒక్క సంవత్సరాలు బస్సుల కోసం కాచుకున్న మనిషికి బస్సు మెట్టు ఎక్కడానికి ఇంత భయం ఎన్నడూ లేదు.

“జర ఆగుండ్రి సార్,” అన్నాడు డ్రైవరు. “బండి పోదు, నీళ్లు మోకాలి దాక ఉన్నయ్. ఎవలు కావాలె?”

“నంబరు లేని ఆడమనిషి. ఎక్కిందా?”

“ఉన్నది ఒక మేడం. లిస్టుల ఎక్కలే. వెనక సీటుల కూసొని అందరికి దవాఖాన పెట్టింది.”

కెజియా కుడికాలు సీటు మీద బారజాపుకుని ఉంది. చీలమండ గుమ్మడికాయలా వాచింది. ఆ కాలితోనే పక్కకు వంగి ఇంకొకామె పిక్కకు గుడ్డ చుడుతోంది. తల ఎత్తి మామగారిని చూసి, “మావయ్యా, టైమెంతయింది?” అంది.

“పదీ నలభై.” సీటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

“ఇరవై ఏడు దాటాక నీళ్లలో గుంట కనబడలేదండీ. ఫిబ్యులా, పిక్క పక్కనుండే సన్న ఎముక, విరిగింది. నా ఎముకల కీర్తన పాడుకుంటూ చెయ్యి పెట్టి చూసుకున్నా, ఎక్కడో కూడా తెలుస్తోంది.”

“ఎవరిచేతైనా ఫోను చేయించలేకపోయావా తల్లీ?”

“చెప్పానండీ. నా పేరు కెజియా అంటే, లిస్టు రాసే అబ్బాయి ఫోనులో చూసి, ‘కెజియా గారు ముప్పై ఐదు దాటి పరుగెత్తుతున్నారు మేడం, మరి మీరెవరు?’ అన్నాడు. నాకు మీ ఎవరి నంబరూ నోటికి రాదు. నోటికొచ్చింది మా వార్డుదొక్కటే. చేస్తే డ్యూటీ నర్సు దివ్య ఎత్తింది. ‘నీ మెసేజిలు చూస్తూనే ఉన్నానే. జోకులాపి పరుగెత్తు, ఇక్కడ కేసులున్నాయి’ అని పెట్టేసింది.”

బస్సులో ఉన్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వబోయి, కాలు కదిలి పెదవి కొరుక్కుంది. సుబ్బరాయుడూ డ్రైవరూ చెరో భుజం పట్టి ఆమెను కారు దాకా తెచ్చారు. ఇశ్రాయేలు ఆమె విరిగిన కాలిని రెండు చేతుల్లో పట్టుకుని పక్కనే నడిచాడు. గుంటలో తాను పడినా ఆ కాలు కిందికి దిగకూడదన్నట్టు అడుగు తర్వాత అడుగు తడిమి తడిమి వేశాడు.

ఆమె పనిచేసే ఆసుపత్రిలోనే ఎక్సరే తీశారు. ఆమె చెప్పిన ఎముకే, చెప్పిన చోటే. దివ్య కళ్లనీళ్లతో పిండికట్టు వేసింది. ఆపరేషను అక్కర్లేదన్నారు.

మధ్యాహ్నం కెజియా ఇల్లు చేరాక కిరణ్ పాల్ పరుగు పరుగున వచ్చాడు. భార్య కాలు చూశాడు, తండ్రి వంక తిరిగాడు. “పూచీ నాదన్నారు కదా నాన్నా.”

ఇశ్రాయేలు తల దించుకున్నాడు. “ఇంటికి తీసుకొస్తానన్నా. తెచ్చాను. ఎలా తెస్తానో మాత్రం తెలియలేదురా.”

“ఆయన్నేం అనకండి,” అంది కెజియా. “అందరూ మెసేజ్ చూసి సంతోషపడుతుంటే, ఆయనొక్కరే నన్ను వెతికారు.”

సాయంత్రం ఆమె ఫోనుకు ప్రశంసాపత్రం వచ్చింది. కెజియా, నలభై రెండు కిలోమీటర్లు, నాలుగు గంటల నలభై మూడు నిమిషాలు. సారమ్మ అది చూసి, చర్చిలో చెప్పిన మాట ఇప్పుడెలా వెనక్కి తీసుకోవాలని మథనపడింది. ఇశ్రాయేలే పాస్టరుకు ఫోను చేసి, అది వేరే అబ్బాయి పరుగని, స్తుతి ఆ అబ్బాయికి చెందాలని చెప్పాడు. కోడలి గొప్పలు చెప్పుకోవడానికి ఏనాడూ వెనకాడని మనిషి, ఆ నాలుగు గంటల నలభై మూడు నిమిషాలను పుస్తకంలోకి రానివ్వలేదు.

వారం తర్వాత వినయ్ జాకెట్ ఉతికి తెచ్చిచ్చాడు. నంబరు ఇంకా ఊడలేదు. సారమ్మ కత్తెర తీసుకుని ఒక్కొక్క పోగూ తెంపింది.

డాక్టరు ఆరు వారాలు పిండికట్టన్నాడు, పరుగుకి పన్నెండు వారాలన్నాడు. కిరణ్ పాల్ ఇక పరుగే వద్దన్నాడు. కెజియా వాదించలేదు. ఇరవై ఏడో కిలోమీటరు దగ్గర ఆగాను కాబట్టి మొదటిరోజు అక్కడి నుంచే నడుస్తానని మాత్రం అంది. ఇశ్రాయేలుకు ఆ గుంట, ఆ నీళ్లు, మిణుకుమనే లైట్లు కళ్ల ముందు ఆడాయి. ఈసారి ఆయన ఎవరికీ పూచీ పడలేదు. గదిలోకి వెళ్లి, దారిలో ఆగిపోయిన బస్సులకు రాసినట్టే పుస్తకంలో రాశాడు.

సర్వీసు: కెజియా. బయలుదేరినది: ఆగస్టు 31, ఉదయం 5 గంటలు. ఆగినది: కోకాపేట మిట్ట కింద, 27వ కిలోమీటరు. తిరిగి రోడ్డెక్కుట: నవంబరు 23, ఆదివారం.